రంగుల్లేని బొమ్మకు మార్కులు ఎలా వేస్తారు మేడమ్?



ఈ నెల ఆరో తరగతి ఆర్ట్ ప్రాజెక్ట్ టాపిక్ 'మా ఇంటి ఆడవాళ్లు'. మిథిలా పద్ధతిలో, నల్ల ఇంక్ పెన్‌తో మాత్రమే వేయాలని డైరీలో రాసి పంపాం. పైన రాసిన ప్రశ్న పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురైదుగురు అడిగారు. అందుకే ఈ వివరం.

మధుబని పెయింటింగ్ అని మనం పిలిచే ఈ బొమ్మలు బిహార్‌లోని మిథిలా ప్రాంతానివి. మొదట ఇవి కాగితం మీద వేసినవి కావు. పెళ్లింట్లో కొత్త దంపతుల గదిని అక్కడ 'కోహ్‌బర్' అంటారు. ఆ గది గోడల మీద ఇంటి ఆడవాళ్లంతా కలిసి వేసేవారు. చేయి తిరిగిన పెద్దావిడ రూపం గీస్తే, కూతుళ్లు, కోడళ్లు లోపల నింపేవారు. ఆడపిల్లలకు అదే డ్రాయింగ్ క్లాసు. మన దగ్గర అమ్మమ్మ చుక్కలు పెడితే మనవరాలు కలిపినట్టే. 1960ల్లో కరువు వచ్చినప్పుడు ఈ ఆడవాళ్లకు నాలుగు డబ్బులు రావాలని ప్రభుత్వం తరఫున కాగితాలు ఇచ్చారు. అలా బొమ్మ గోడ దిగి బయటికొచ్చింది.

ఇందులో రంగులు నింపే పద్ధతి 'భర్నీ', సన్నని గీతలతోనే నింపేది 'కచ్నీ'. మేం ఇచ్చింది కచ్నీ. అంచుకు ఒక గీత కాదు, పక్కపక్కన రెండు గీస్తారు. ఆ రెంటి మధ్య చిన్న చిన్న అడ్డగీతలు. చీర అయినా, చేప పొలుసులైనా, జడ అయినా గీతల దగ్గరతనం, దూరంతోనే తెలియాలి. ఖాళీ కనిపిస్తే ఒక ఆకో, పువ్వో, పిట్టో వస్తుంది. ఓపిక కావాలి. మార్కులు ఆ ఓపికకే.

క్లాసులో ఒక పాప అడిగింది: "మా ఇంట్లో పనిచేసే ఆంటీని కూడా వేయొచ్చా మిస్?" నేను వెంటనే దులారీ దేవి గురించి చెప్పాను. మధుబని దగ్గర రాంటీ గ్రామంలో మత్స్యకారుల కుటుంబంలో పుట్టారావిడ. చదువుకోలేదు. ఇళ్లలో అంట్లు తోమి, ఊడ్చి బతికారు. అలా పనిచేసిన చోటే పేరున్న చిత్రకారిణులు మహాసుందరి దేవి, కర్పూరి దేవి బొమ్మలు వేయడం చూశారు. వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. 2011లో మహాసుందరి దేవికి పద్మశ్రీ వచ్చింది. పదేళ్లకు, 2021లో, దులారీ దేవికీ వచ్చింది. తల్లి నుంచి కూతురికి వచ్చే విద్య అంటాం కానీ, ఇక్కడ రక్తసంబంధం లేదు. పక్కన కూర్చోబెట్టుకోవడం ఉంది.

క్లాసంతా నిశ్శబ్దం. "అయితే వేస్తాను మిస్" అంది.

దయచేసి నెట్‌లోంచి ప్రింట్ తీసి పైన దిద్దించకండి, చూడగానే తెలిసిపోతుంది. మొదటి గీత ఇంట్లో పెద్దావిడ చేత గీయించండి, చేయి వణికినా పర్వాలేదు. ఊళ్లో ఉంటే వీడియో కాల్‌లో చెప్పించండి. గీత తప్పితే వైట్‌నర్ వద్దు, దాన్నే ఆకుగా మార్చమనండి. స్కెచ్ పెన్ కూడా వద్దు, కాగితం వెనక్కి దిగుతుంది. సన్న మొన ఉన్న నల్ల పెన్ ఒక్కటి చాలు.