చిందు వారింట ఒక ఆదివారం

వార్షికోత్సవ సంచికకు ప్రతి ఏడూ మనమే రాసుకుంటాం, మనమే చదువుకుంటాం. ఈసారి బయటికి పోయి కళాకారులతో మాట్లాడి రాద్దామని అనుకున్నాం. ఎవరి దగ్గరికి పోదామని చర్చ వచ్చినప్పుడు, మాతో రెండేళ్ళుగా ఉంటున్న ఒక మిత్రుడు చాలాసేపు నోరు విప్పలేదు. చివరికి "మా ఇంటికే పోదాం" అన్నాడు. వాళ్ళ నాయన చిందు యక్షగానం ఆడతాడని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. అడిగితే కూలి పని అని చెప్పేవాడు. అది అబద్ధమూ కాదు, ఆట లేని రోజుల్లో ఆయన కూలికే పోతాడు.

వార్డెన్ సారును అడిగి ఐదుగురం వెళ్ళాం. మేము పోయేసరికి మా మిత్రుని తాత వాకిట్లో కూర్చుని కట్టె కిరీటానికి రంగు వేస్తున్నాడు. భుజకీర్తులు, కిరీటం తేలికైన పొనికి కర్రతో చేస్తారు. తేలిక అన్నారు గానీ, మాలో ఒకడు పెట్టుకుని పది అడుగులు వేసేసరికి మెడ పట్టేసింది.

తెలియని మిత్రుల కోసం కొంచెం చెప్పాలి. చిందు వారు మాదిగలకు ఆశ్రిత కులం. ఏ ఊరు ఏ బృందానిదో తరతరాలుగా పంచుకున్న హక్కు ఉంటుంది. దాన్ని మిరాశీ అంటారు. ఆ ఊరి మాదిగ ఇళ్ళు ఆటకు ఇచ్చేదాన్ని త్యాగం అంటారు. సారంగధర, అల్లీరాణి, బాలనాగమ్మ వంటి కథలు ఆడతారు, జాంబ పురాణం చెబుతారు. అందులో బ్రాహ్మణ వేషం ప్రశ్నలు అడుగుతుంది, జాంబవుడు జవాబులు ఇస్తాడు. భూమి కంటే ముందు పుట్టినవాడు జాంబవుడని ఆ కథ. మన తాతలను ఊరు దూరం పెట్టిన రోజుల్లో, రాత్రిపూట దీపాల వెలుగులో ఈ మాట వింటే వాళ్ళకు ఎట్లా ఉండేదో!

ఇప్పుడు ఈ బృందం రెండు ఆటలు తయారుచేస్తున్నది. ఒకటి సారంగధరను గంటన్నరకు కుదించినది. పాత ఆట తెల్లవారేదాకా నడిచేది. ప్రతి పాత్రా తెర వెనుక నుంచి వచ్చి, తానెవరో దరువు పాడి చెప్పుకునేది. పట్నం వేదికల మీద అంత సమయం ఇవ్వరు. ఏం తీసేశారని అడిగితే తాత నవ్వాడు. "పావురాల పాట తీస్తే జనం లేచిపోతరు బిడ్డా. రాజు కొలువు తీసేసినం. రాజు లేకున్నా కథ నడుస్తది" అన్నాడు.

రెండోది పూర్తిగా కొత్తది. బడి మాన్పించి చిన్న వయసులో పెళ్ళి చేస్తున్న ఒక ఆడపిల్ల కథ. ఇక్కడ వాళ్ళకు పెద్ద చిక్కు వచ్చింది. తండ్రికి, బడి పంతులుకు ఏ వేషం కట్టాలి? కిరీటం పెడితే జనం నవ్వుతారు. ప్యాంటు చొక్కా వేస్తే చిందు అడుగు పడదు. గజ్జెలూ భుజకీర్తుల బరువూ ఉంటేనే ఆ అడుగుకు అందం. నెల రోజులు కుస్తీపట్టి దారి కనుక్కున్నారు. పెళ్ళి పందిట్లోకి నిండు వేషంతో ఎల్లమ్మ తల్లి వస్తుంది, తండ్రిని ప్రశ్నలు అడుగుతుంది. అంటే జాంబ పురాణంలోని ప్రశ్న జవాబుల పద్ధతినే ఇటు తిప్పుకున్నారు. మాకైతే ఇది పాత ఆటను కుదించడం కంటే గొప్ప పని అనిపించింది.

ఎల్లమ్మ వేషం మాట రాగానే ఇంట్లో అందరూ నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మను తలుచుకున్నారు. ఆ వేషంతోనే పేరు పొందిన ఆమె 2005లో కన్నుమూశారు. జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు తాత ఊరంతా చెప్పుకున్నాడట. మా మిత్రుడు మాత్రం హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు.

డబ్బుల సంగతి అడగక తప్పలేదు. త్యాగం ఇచ్చే ఇళ్ళు తగ్గిపోయాయని వాళ్ళ నాయన చెప్పాడు. చదువుకుని ఉద్యోగాలకు పోయినవాళ్ళ ఇళ్ళ ముందుకు పోతే, మా గత చరిత్ర మా పిల్లల ముందు ఎందుకని తలుపు వేసుకున్నవాళ్ళూ ఉన్నారట. మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మా ఇళ్ళలో ఇచ్చారో లేదో మాలో ముగ్గురికి తెలియనే తెలియదు.

వచ్చే ముందు ఒక విషయం బయటపడింది. కొత్త ఆటలో ఆడపిల్ల మాట్లాడే మాటలన్నీ రాసింది మా మిత్రుడే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు రాశాడట. వేషం మాత్రం కట్టనంటున్నాడు.

వార్షికోత్సవం రాత్రి ఆ ఆట మన హాస్టల్ ఆవరణలోనే ఉంటుంది. త్యాగం కింద తలా కొంత వేసుకున్నాం, పూర్వ విద్యార్థులూ చేయి కలిపారు. త్యాగం ఇచ్చినవారి ఇంటిపేర్లు, ఊర్లు ఆటలో చదవాలని తాత జాబితా అడిగాడు. రాసి పంపాం. తెర ఒక కొస పట్టుకోవడానికి మా మిత్రుడు ఒప్పుకున్నాడు. రెండో కొస పట్టుకోవడానికి మాలో ముగ్గురం పోటీ పడుతున్నాం.