క్లారినెట్ సంరక్షణ

క్లారినెట్ ఒకే రీడుతో పలికే సుషిర వాద్యము. సాధన ముగిసిన తరువాత మరల చేతబట్టే వరకు దీనిని తుడిచి, ఆరబెట్టి, పెట్టెలో భద్రపరచుటను క్లారినెట్ సంరక్షణ అంటారు. వాద్యముతో పాటు వచ్చే సూచనల పుస్తకాలు ఎక్కువగా చలిదేశాలను దృష్టిలో ఉంచుకొని వ్రాసినవి. అక్కడ చలికాలములో గాలి పొడిగా మారి కొయ్య పగులుతుంది. అందువలన పెట్టెలో తేమ నిలిపే ఏర్పాట్లు చేయమని ఆ పుస్తకాలు చెబుతాయి. నారింజ తొక్క వేసి ఉంచే అలవాటు కూడా ఆ దేశాలలో ఉంది. తుని వంటి కోస్తా పట్టణములో వర్షాకాలమున ఆ సలహా పాటిస్తే నాలుగు రోజులలో పెట్టెకు బూజు పడుతుంది.

నిర్మాణము

18వ శతాబ్దపు తొలినాళ్ళలో జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరములో యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్, ఆయన కుమారుడు ఈ వాద్యమునకు రూపమిచ్చారు. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న బి-ఫ్లాట్ క్లారినెట్ పొడవు సుమారు 66 సెంటీమీటర్లు. మౌత్‌పీసు, బ్యారెల్, పై భాగము, క్రింది భాగము, గంట అని ఐదు ముక్కలుగా విడదీయవచ్చును. మంచి వాద్యాలను ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ అనే నల్లని కొయ్యతో చేస్తారు. ఇది మన ఇరుగుడు చెట్టు చేరిన డాల్బెర్జియా ప్రజాతిలోనిదే. విద్యార్థులు వాడే చవక రకాలు ప్లాస్టిక్కువి.

సన్నాయి, నాదస్వరాలకు రంధ్రాలు మాత్రమే ఉంటాయి. క్లారినెట్‌కు అవి గాక లోహపు కీలు (బోయెమ్ పద్ధతిలో సాధారణముగా 17), వాటి క్రింద ఉన్ని ఫెల్టుపై పలుచని పొర చుట్టిన ప్యాడ్లు, సన్నని ఉక్కు స్ప్రింగులు, అతుకుల వద్ద బెరడు కార్కు ఉంటాయి. చెమ్మకు కొయ్య ఉబ్బుతుంది, ప్యాడ్లు చివుకుతాయి, స్ప్రింగులు తుప్పు పడతాయి. సన్నాయి విద్వాంసుని ఇంట చూసి నేర్చిన జాగ్రత్తలు క్లారినెట్‌కు చాలకపోవుటకు కారణమిదే.

తెలుగునాట వాడుక

దక్షిణ భారతమునకు క్లారినెట్ సైనిక బ్యాండుల ద్వారా వచ్చి, 19వ శతాబ్దములో నాట్యమేళాలలో చేరింది. కూచిపూడి ప్రదర్శనల వాద్యబృందములోను దీనికి చోటు దొరికింది. కర్ణాటక సంగీతములో దీనిని ప్రధాన వాద్యముగా నిలబెట్టిన వారిలో తమిళనాడుకు చెందిన ఎ.కె.సి. నటరాజన్ (జననం 1931) ముఖ్యుడు. ఆయనకు 2008లో సంగీత కళానిధి బిరుదము, 2022లో పద్మశ్రీ లభించాయి. గోదావరి, విశాఖ ప్రాంతాల పల్లెలకు మాత్రము క్లారినెట్ అంటే పెళ్ళి ఊరేగింపులోని బ్యాండు మేళమే.

2022 ఏప్రిల్ 4 నుండి కాకినాడ జిల్లాలో ఉన్న తుని, తాండవ నది ఒడ్డున, సముద్రమునకు చేరువలో ఉంది. దగ్గరలోని అన్నవరం క్షేత్రములో పెళ్ళిళ్ళు విరివిగా జరుగుతాయి. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలలో మేళగాళ్ళ వాద్యము ఎండకు, చెమటకు లోనవుతుంది. ఆషాఢము రాగానే ముహూర్తాలు ఆగి వాద్యము పెట్టెలోకి చేరుతుంది. వానలు మొదలయ్యేదీ అప్పుడే. వాద్యానికి ఎక్కువ హాని వాయించే రోజులలో కాక ఈ ఖాళీ రోజులలోనే జరుగుతుంది.

వాయించిన వెంటనే

ఊపిరిలోని ఆవిరి గొట్టము లోపల నీరుగా మారుతుంది. అది ఆరకముందే ముక్కలను విడదీసి తుడవాలి. పోగులు రాలని మెత్తని పాత నూలుగుడ్డకు దారము, దాని చివర చిన్న బరువు కట్టి, గంట వైపు నుండి దించి మౌత్‌పీసు వైపుకు నెమ్మదిగా లాగాలి. పై భాగములో ఒక సన్నని లోహపు గొట్టము లోపలికి పొడుచుకొని ఉంటుంది. గుడ్డ ఉండచుట్టుకొంటే అక్కడ ఇరుక్కుంటుంది. అప్పుడు చువ్వతో పొడవరాదు, బాగుచేసేవారి వద్దకు తీసుకొని వెళ్ళాలి. అతుకుల లోపల నిలిచే నీటిని చాలామంది మరచిపోతారు. కొయ్య ఉబ్బి ముక్కలు ఊడిరాకుండా బిగిసిపోవుట తరచు అక్కడే మొదలవుతుంది. ప్యాడు అంటుకొంటే సిగరెట్టు చుట్టే పలుచని కాగితమును దాని క్రింద ఉంచి కీ మెల్లగా నొక్కితే తడి పీలుస్తుంది. ఊరేగింపులో మెడ తుడుచుకొన్న తుండుగుడ్డతో కీలను తుడవరాదు. చెమటలోని ఉప్పు లోహపు పూతను తినివేస్తుంది.

రీడును మౌత్‌పీసుకు వదలివేయుట మన మేళాలలో కనిపించే పెద్ద పొరపాటు. వెదురును పోలిన ఒక రెల్లు నుండి చేసే ఈ రీడు తడితో వంకర తిరుగుతుంది, నల్లని బూజు పడుతుంది. దానిని తుడిచి, చదునైన గాజుపలకపై గాని రీడు పెట్టెలో గాని ఆరబెట్టాలి. రెండు మూడు రీడులను వంతులవారీగా వాడుట మేలు. ఎబొనైట్ మౌత్‌పీసును చల్లని నీటితోనే కడగాలి. వేడినీరు, ఎండ తగిలితే అది పచ్చబారుతుంది.

వానకాలము, వేసవి

వానకాలములో పెట్టెను గోడకు ఆనించి, నేలపై ఉంచరాదు. చెక్క అరపై, గాలి ఆడే గదిలో ఉంచాలి. తడిగుడ్డను పెట్టెలో వాద్యముతో పాటు మూసివేస్తే తుడిచిన ఫలము దక్కదు. చిన్న సిలికా జెల్ పొట్లము ఉంచి, వారానికి ఒకసారైనా పెట్టె తెరచి వెలుతురు తగలనివ్వాలి. ప్యాడ్లను కొరికే పురుగులు చీకటిలోనే చేరుతాయి. నాఫ్తలీన్ ఉండల వాసన రీడుకు పట్టుకొంటుంది గనుక వాటిని లోపల వేయకుండుట మంచిది. వాయించే పని లేకున్నా వారమునకు రెండుసార్లు పది నిమిషాలు వాయించి తుడిచే వాద్యము, మూడు నెలలు పెట్టెలో ఉన్న వాద్యము కంటె బాగుంటుంది.

కీల కీళ్ళ వద్ద ఏడాదికి ఒకటి రెండుసార్లు పలుచని నూనె ఒక్కొక్క చుక్క చాలును. కొబ్బరినూనె, ఆముదము జిడ్డుకట్టి చీమలను పిలుస్తాయి. కార్కుకు దాని కోసము తయారైన గ్రీజునే కొద్దిగా రాయాలి.

వేసవిలో ప్రమాదము తిరగబడుతుంది. వడగాలులు వీచే రోజులలో సిలికా పొట్లము తీసివేయాలి. రేకుల ఇంటి అటకపైన, ఎండలో నిలిపిన వాహనములో పెట్టె ఉంచరాదు. లోపలి గొట్టము ఊపిరితో తడిసి ఉబ్బుతుండగా, పై కొయ్య ఎండి ముడుచుకొంటే పగులు వస్తుంది. అది ఎక్కువగా పై భాగములో, రంధ్రాల నడుమ సన్నని గీతగా మొదలవుతుంది. కొత్త కొయ్య వాద్యమును మొదటి కొన్ని వారాలు రోజుకు 15 నుండి 20 నిమిషాలకు మించి వాయించరాదనుట ఇందుకే. గీత కనిపించిన నాడే వాయించుట ఆపితే నిపుణుడు దానిని జిగురుతో పూడ్చి వాద్యమును నిలబెట్టగలడు. పగులు రంధ్రము వరకు పాకితే గాలి కారి స్వరము పలకదు, మరమ్మతు ఖర్చు కూడా పెరుగుతుంది.