ఇన్సులిన్: బ్యాక్టీరియా చేసేది సగం పనే

అపోహ: సీసా మీద ‘హ్యూమన్’ అని ఉంటే, మనుషుల రక్తం నుంచి తీసిందన్నమాట.

కాదు. మన ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్‌లో అమైనో ఆమ్లాలు ఏ వరుసలో ఉంటాయో ఇందులోనూ అదే వరుస. అందుకే ఆ పేరు. పుట్టడం మాత్రం ఫ్యాక్టరీ ట్యాంకులో, ఈ-కోలై బ్యాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో. 1978లో జెనెన్‌టెక్, సిటీ ఆఫ్ హోప్ శాస్త్రవేత్తలు దీన్ని ఈ-కోలైలో సాధించారు. 1982లో ఎలీ లిల్లీ వారి హ్యుములిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది.

అపోహ: అది పంది నుంచో ఆవు నుంచో వస్తుంది, మాకు పనికిరాదు.

1920ల నుంచి ఆరు దశాబ్దాల పాటు వాటి క్లోమగ్రంథే ఆధారమన్నది నిజం. నేటి హ్యూమన్ ఇన్సులిన్‌కు ఆ మాట వర్తించదు. ఈ అనుమానంతో సూది మానేయడం నన్ను నిజంగా భయపెడుతుంది. టైప్-1 షుగరున్న బిడ్డకు ఇన్సులిన్ ఆగితే ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: మురికి బ్యాక్టీరియా ఒంట్లోకి ఎక్కుతుంది.

హైదరాబాద్ హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, మేడిపల్లిలో దాని అనుబంధ ప్రాంగణం ఉన్న ఈ ప్రాంతంలోనూ ఈ మాట నమ్మేవారున్నారు. ప్రయోగశాలల్లో విరివిగా వాడే కె-12 రకం ఈ-కోలై దశాబ్దాలుగా గాజుపాత్రల్లో పెరిగింది. జబ్బు చేసే రకాలు వేరు. పైగా సీసాలోకి బ్యాక్టీరియా రాదు. దాన్ని పగలగొట్టి, లోపలి ప్రోటీన్‌ను మాత్రమే తీసి పలుమార్లు శుద్ధి చేస్తారు.

అపోహ: బ్యాక్టీరియాను పెంచితే చాలు, ఇన్సులిన్ చేతికొస్తుంది.

అసలు కష్టం అక్కడి నుంచే మొదలు. సాధారణంగా ఈ-కోలైలో తయారయ్యేది ఇన్సులిన్ కాదు, దాని పూర్వరూపమైన ప్రోఇన్సులిన్. అదీ పనికిరాని ముద్దలుగా పేరుకుంటుంది. ఆ ముద్దలను యూరియా వంటి రసాయనాలతో కరిగించి, ప్రోటీన్ గొలుసును విప్పి, నెమ్మదిగా సరైన ఆకారంలో మళ్ళీ మడతపడనివ్వాలి. మూడు గంధకపు బంధాలు సరైన జోడీల మధ్యే ఏర్పడాలి. తప్పు జోడీ కుదిరితే ఆ అణువు పనికిరాదు. తర్వాత ట్రిప్సిన్ వంటి ఎంజైములతో మధ్యలోని సి-పెప్టైడు అనే ముక్కను కోసి తీసేస్తే, 21 అమైనో ఆమ్లాల ఏ-గొలుసు, 30 ఉన్న బి-గొలుసు కలిసి నిలుస్తాయి. మన క్లోమంలోనూ ప్రోఇన్సులిన్ ఇలాగే తెగుతుంది. ధరలో బ్యాక్టీరియా మేత ఖర్చు కంటే ఈ మడత, కోత, శుద్ధి పనుల భారమే ఎక్కువని నా అభిప్రాయం.

అపోహ: జన్యువులు మార్చి చేసిన మందులు మనకు కొత్త, ఎందుకొచ్చిన గొడవ?

హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే ఈస్ట్‌లో తయారైన హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చింది. బెంగళూరు బయోకాన్ 2004లో ఈస్ట్‌తోనే ఇన్సుజెన్ అనే ఇన్సులిన్ తెచ్చింది.

అపోహ: డీప్ ఫ్రీజర్‌లో పెడితే మందు మరింత భద్రం.

గడ్డకడితే ఇన్సులిన్ అణువులు దెబ్బతింటాయి, కరిగించినా పాత బలం తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ మామూలు అరలోనే ఉంచాలి. ఒకసారి గడ్డకట్టిన సీసాను పారేయాల్సిందే.