ఏటా రుసుము చెల్లించినా అడిగే హక్కు లేదు
విహార క్లబ్బుల సభ్యులకు కొరవడిన ప్రాతినిధ్యం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: ఏడాదికి ఏడు రోజులు, పాతికేళ్లపాటు కొండల మీదనో, సముద్రపు ఒడ్డుననో సొంత విడిది. ఒక్కసారి సొమ్ము చెల్లిస్తే చాలు, ఆ తరువాత గది అద్దె మాటే ఉండదు. విహార క్లబ్బుల ప్రతినిధులు చెప్పే ఈ మాటలు మధ్యతరగతి కుటుంబాలను సులభంగా ఆకర్షిస్తాయి. తీరా సొమ్ము చెల్లించిన తరువాత కోరిన తేదీలలో గది దొరకదు. నిర్వహణ రుసుము మాత్రం ఏటా పెరుగుతూ పోతుంది. కారణమేమిటని నిలదీయడానికి యాజమాన్యంలో సభ్యుల తరఫున కూర్చునే మనిషి ఒక్కరూ ఉండరు. టైమ్‌షేర్ పద్ధతిలోని అసలు లోపం ఇదే.

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాద్, విజయవాడల మధ్య 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నాయి. మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరుపొందింది. ఇటువంటి పట్టణాలలోని వ్యాపారులు, వైద్యులు, పదవీ విరమణ సొమ్ము చేతికందిన ఉద్యోగులే ఈ క్లబ్బులు కోరుకునే కొనుగోలుదారులు. నగరంలోని షాపింగ్ మాల్‌లోనో, పెట్రోలు బంకులోనో నింపిన కూపన్‌తో వ్యవహారం మొదలవుతుంది. బహుమతి వచ్చిందని, భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి తీసుకోవాలని ఫోను వస్తుంది. హోటల్‌లో రెండు మూడు గంటలు రంగుల చిత్రాలు చూపిస్తారు. ఈ రాయితీ ఈ ఒక్కరోజేనని తొందరపెడతారు. చెక్కు, కార్డు లేదా నెలసరి వాయిదాల పత్రంపై సంతకం అక్కడే పూర్తవుతుంది. ఒప్పందాన్ని చదవడం మాత్రం చాలామంది విషయంలో ఇంటికి వచ్చిన తరువాతి పని.

కొన్నది గదినా, హక్కునా?

టైమ్‌షేర్ పద్ధతి 1960వ దశకంలో ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ పర్వత ప్రాంతంలో రూపుదిద్దుకున్నది. ఒక చోట ఉన్న హక్కును మరో చోట మార్చుకునేందుకు వీలు కల్పించే ఆర్‌సీఐ సంస్థ 1974లో అమెరికాలో ప్రారంభమైంది. మన దేశంలో స్టెర్లింగ్ సంస్థ 1986లోను, హైదరాబాద్ కేంద్రంగా కంట్రీ క్లబ్ 1989లోను, క్లబ్ మహీంద్రా 1996లోను రంగంలోకి వచ్చాయి.

విక్రయ సమయంలో తరచు 'సొంతం' అన్న మాట వినిపిస్తుంది. అయితే మన దేశంలో అమ్ముడవుతున్న సభ్యత్వాలలో అత్యధిక భాగం కేవలం వినియోగ హక్కులే. సభ్యుని పేరిట భూమి గాని, గది గాని రిజిస్టరు కావు. గడువు తీరితే మిగిలేది ఏమీ లేదు. 'సభ్యుడు' అన్న మాట కూడా అంతే. కంపెనీల చట్టం దృష్టిలో సభ్యుడంటే వాటాదారు. 2013 నాటి కంపెనీల చట్టంలోని 245వ సెక్షన్ కింద వాటాదారులు, డిపాజిటుదారులు ఉమ్మడిగా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. క్లబ్బు సభ్యుడు వాటాదారు కాదు కనుక ఆ తలుపు అతనికి తెరుచుకోదు. కంపెనీ వార్షిక సమావేశంలో ఓటు వేసే అవకాశమూ లేదు. ఆల్ ఇండియా రిసార్ట్ డెవలప్‌మెంట్ అసోసియేషన్ అనే సంఘం ఉన్నప్పటికీ అది రిసార్టు కంపెనీల సంఘమే గాని సభ్యుల సంఘం కాదు.

గది ఎందుకు దొరకదు?

ఒక గదికి ఏడాదిలో 52 వారాలు. ఒక్కొక్కరికి ఒక్కో వారం చొప్పున లెక్కిస్తే ఆ గదిని 52 కుటుంబాలకు అమ్మవచ్చు. కాగితం మీద ఈ లెక్క సరిగానే ఉంటుంది. కాని పిల్లలకు బడి సెలవులు ఎప్పుడు? వేసవి, దసరా, సంక్రాంతి సెలవులు అన్నీ కలిపినా పది వారాలకు మించవు. ఆ పది వారాలలోనే 52 కుటుంబాలూ గది అడుగుతాయి. పది కుటుంబాలకు దొరుకుతుంది, మిగిలిన 42 కుటుంబాలకు 'ఖాళీ లేదు' అన్న సమాధానమే మిగులుతుంది. కంపెనీలు కాలాన్ని రంగుల పేర్లతో విభజించి, రద్దీ రోజుల సభ్యత్వాన్ని ఎక్కువ ధరకు అమ్మడం ఇందువల్లనే. తక్కువ ధర రంగు తీసుకున్నవారికి పిల్లల సెలవులలో గది అడిగే అర్హతే ఉండకపోవచ్చు.

గదులు ఎన్ని, సభ్యులు ఎందరు అన్నది తెలిస్తే గాని ఈ ఇబ్బంది ఏ స్థాయిలో ఉందో అంచనాకు రాదు. షేరు మార్కెట్‌లో నమోదైన కంపెనీల వార్షిక నివేదికలలో ఇటువంటి అంకెలు కొంతవరకు దొరుకుతాయి. కాని ఇన్ని గదులకు ఇందరు సభ్యులను మాత్రమే చేర్చుకోవాలని నిర్దేశించే ప్రత్యేక టైమ్‌షేర్ చట్టం దేశంలో లేదు.

రుసుము పెరిగితే లెక్క తారుమారు

ఒక ఉదాహరణ చూద్దాం. సూర్యాపేటకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు 4 లక్షల రూపాయలకు 25 ఏళ్ల సభ్యత్వం తీసుకున్నారని, ఏటా నిర్వహణ రుసుము 18 వేలని అనుకుందాం. రుసుము ఎప్పటికీ పెరగకపోతే 25 ఏళ్లలో మరో 4.50 లక్షలు, మొత్తం 8.50 లక్షలు అవుతుంది. ఏటా ఏడు రాత్రులూ వాడుకుంటే రాత్రికి 4,857 రూపాయలు పడుతుంది. పాతికేళ్లలో 12 ఏళ్లు మాత్రమే వెళ్లగలిగితే రాత్రికి 10 వేలు దాటుతుంది. ప్రయాణ ఖర్చు, భోజనం, పన్నులు దీనికి అదనం.

అదే రుసుము ఏటా 6 శాతం చొప్పున పెరిగితే 25 ఏళ్లలో చెల్లించేది సుమారు 9.88 లక్షలు. అంటే సభ్యత్వం ధరకు రెండు రెట్లకు పైగా నిర్వహణకే పోతుంది. చివరి ఏడాది రుసుము సుమారు 73 వేలకు చేరుతుంది. విహారానికి వెళ్లినా, వెళ్లకపోయినా అనేక ఒప్పందాలలో ఈ రుసుము తప్పనిసరి. బకాయి పడితే గది కేటాయింపు నిలిచిపోతుంది. ఎంత పెంచాలన్నది కంపెనీ నిర్ణయిస్తుంది. ఆ సొమ్ము దేనికి ఖర్చయిందో సభ్యుల ప్రతినిధులు తనిఖీ చేసే ఏర్పాటు లేదు.

కాలువకు సంఘం ఉన్నది, క్లబ్బుకు లేదు

ఈ ప్రాంత రైతులకు ఉమ్మడి వనరు పంపకం కొత్త కాదు. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పొలాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరే ఆధారం. పైనున్నవారు నీళ్లు మళ్లించుకుంటే చివరి భూములు ఎండిపోతాయి. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం ఆయకట్టుదారులతో నీటి వినియోగదారుల సంఘాలను, ఎన్నికైన కమిటీలను ఏర్పాటు చేసింది. ఎన్నికలు సక్రమంగా జరగడం లేదన్న విమర్శలు ఉన్నా, పంచుకునే వారికే నిర్వహణలో చోటుండాలన్న సూత్రాన్ని చట్టం అంగీకరించింది. అపార్ట్‌మెంటులోనూ ఫ్లాట్ల యజమానుల సంఘమే నిర్వహణ ఖర్చు లెక్కలు చూస్తుంది. 25 ఏళ్లపాటు రుసుము చెల్లించే విహార క్లబ్బు సభ్యునికి మాత్రం ఆ పాటి చోటు కూడా లేదు.

విదేశాలలో పరిస్థితి కొంత మెరుగు. ఐరోపా సమాఖ్య 2008 నాటి ఆదేశం ప్రకారం టైమ్‌షేర్ కొనుగోలుదారు 14 రోజులలోగా కారణం చెప్పకుండానే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆ గడువులో ముందస్తు సొమ్ము వసూలు చేయడం నిషిద్ధం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో రద్దుకు 10 రోజుల గడువు ఉన్నది. అక్కడ దస్తావేజుతో అమ్మే టైమ్‌షేర్లలో యజమానుల సంఘాలు ఉంటాయి. మన దేశంలో కొన్ని కంపెనీలు తమంతట తాముగా కొద్దిరోజుల గడువు ఇస్తున్నా, అది ఒప్పందంలో రాసి ఉంటేనే చెల్లుతుంది.

విహారం పేరిట మదుపు

గదిని వాడుకోకపోతే పెద్ద మొత్తం తిరిగి ఇస్తామనే పథకాల వల్ల మరింత ప్రమాదం ఉన్నది. ముంబయికి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ సంస్థ హోటల్ గదుల రాత్రుల పేరిట సొమ్ము సేకరించింది. ఇది అనుమతి లేని సామూహిక మదుపు పథకమని సెబీ తేల్చింది. 51 లక్షల మందికి పైగా మదుపుదారులకు 7,035 కోట్ల రూపాయలు తిరిగి చెల్లించాలని 2016 ఫిబ్రవరి 29న ఆదేశించింది.

అగ్రిగోల్డ్ వ్యవహారం టైమ్‌షేర్ కాదు. అయినా దాని నుంచి ఒక పాఠం తీసుకోవచ్చు. దాదాపు 32 లక్షల ఖాతాదారులున్న ఆ సంస్థ చెల్లింపులు నిలిపివేసినప్పుడు, తెలంగాణకు చెందిన ఖాతాదారులు, ఏజెంట్ల సంక్షేమ సంఘం ఉమ్మడి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. ఆస్తుల వేలం వ్యవహారం న్యాయస్థానం పర్యవేక్షణలోకి రావడానికి ఆ వ్యాజ్యమే కారణమైంది. ఒక్కొక్కరుగా ఏజెంటు ఇంటి చుట్టూ తిరిగితే సాధ్యం కానిది సంఘంగా వెళితే కొంతవరకు సాధ్యమైంది.

చట్టంలో ఉన్న దారి

ప్రత్యేక చట్టం లేకపోయినా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్లబ్బు సభ్యులకు వర్తిస్తుంది. 2020 జులై 20 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే కేసు వేయవచ్చు. కంపెనీ కార్యాలయం ముంబయిలో ఉన్నా, చెన్నైలో ఉన్నా సొంత జిల్లా పరిధిలోని వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది. 5 లక్షల వరకు ఫీజు లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. మధ్యవర్తిత్వ నిబంధన ఒప్పందంలో ఉన్నంత మాత్రాన వినియోగదారుల కేసుకు అడ్డంకి కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. కంట్రీ క్లబ్ సహా పలు విహార సంస్థలపై వచ్చిన ఫిర్యాదులలో సొమ్ము తిరిగి చెల్లించాలని హైదరాబాద్‌లోని కమిషన్లు ఆదేశించిన సందర్భాలు ఉన్నాయి.

అయితే కాలయాపన పనికిరాదు. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. ఒప్పందమే ఏకపక్షంగా ఉన్నదని, అన్యాయమైన ఒప్పందమని సవాలు చేయదలచినవారు జిల్లా కమిషన్‌కు కాక రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. రుసుమును ఇష్టానుసారం పెంచే నిబంధనలున్నవారు ఈ తేడాను గమనించాలి.

ప్రాతినిధ్యం లేని లోటును కొంతవరకు పూడ్చే అవకాశం 35వ సెక్షన్‌లో ఉన్నది. ఒకే రకమైన నష్టానికి గురైన అనేకమంది తరఫున కమిషన్ అనుమతితో ఒకరిద్దరు ఫిర్యాదు చేయవచ్చు. అందరి తరఫున కాకపోయినా కొందరు కలిసి ఉమ్మడిగా కేసు వేయవచ్చని బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో తెలిపింది. 1,134 ఫ్లాట్లున్న సముదాయంలో 91 మంది కొనుగోలుదారులు వేసిన కేసు అది. గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘమూ ఫిర్యాదు చేయవచ్చు. రాష్ట్రంలో అమలులో ఉన్న సొసైటీల చట్టం కింద సంఘాన్ని నమోదు చేయడానికి ఏడుగురు చాలు. మూడు పట్టణాలలో ఒకే క్లబ్బులో చేరిన ఏడు కుటుంబాలు కలిస్తే, అడిగే నోరు ఒకటి ఏర్పడుతుంది.

సంతకానికి ముందు, తరువాత

సంతకానికి ముందు ఒప్పందం ప్రతిని ఇంటికి తీసుకుపోయి చదవాలి. ఇవ్వబోమంటే లేచి రావడమే మేలు. రుసుము పెంపునకు గరిష్ఠ పరిమితి ఉన్నదా, రద్దుకు గడువెంత, ఏ సెలవులలో గది అడగవచ్చు, సభ్యత్వాన్ని ఇతరులకు బదిలీ చేయవచ్చునా అన్న నాలుగు విషయాలను రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ప్రతినిధి నోటిమాటగా ఇచ్చిన హామీలు ఒప్పందంలో లేకపోతే తరువాత రుజువు చేయడం కష్టం.

ఇప్పటికే చేరినవారు గది కోసం ఫోనులో కాక ఈ-మెయిల్ ద్వారా అడగాలి. 'ఖాళీ లేదు' అన్న ప్రతి సమాధానాన్నీ, రుసుము రసీదులనూ భద్రపరచాలి. ఫిర్యాదుకు తొలి మెట్టుగా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ పరిష్కారం దొరకకపోతే 2025 జనవరిలో ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే కమిషన్‌లో కేసు దాఖలు చేయవచ్చు.

సభ్యుల ప్రతినిధులకు నిర్వహణలో చోటు, ఖర్చుల లెక్కలు చూసే హక్కు, గదుల సంఖ్యకు తగిన సభ్యత్వ పరిమితి కల్పించే ప్రత్యేక చట్టం వస్తే తప్ప ఈ సమస్యకు పూర్తి పరిష్కారం లభించదు. అంతవరకు సభ్యులకు మిగిలిన ఆధారాలు రెండే. ఒకటి చేతిలోని కాగితం, రెండు తోటి సభ్యుని తోడు.