నెల జీతము, పంట రాబడి

గృహఋణమునకై బ్యాంకువారిచ్చు దరఖాస్తు పత్రములో "నెలసరి ఆదాయము" అను గడి యొకటి యుండును. ఉపాధ్యాయిని ఆ గడిని అర నిమిషములో పూరింపగలదు. జీతపు చీటీ చేతిలో నున్నది, అంకె చూచి వ్రాయుటయే పని. ప్రక్క గడి సహదరఖాస్తుదారునిది. ఆమె భర్త మిరప పండించు రైతు. అతడు కలము పట్టుకొని కూర్చుండును. ఏ నెల సంగతి వ్రాయవలెను? నారుమడి పోయు శ్రావణమా? పురుగుమందుల దుకాణములో బాకీ పెరుగు కార్తికమా? కాయ కల్లము మీద ఎండుచుండు ఫాల్గుణమా? పన్నెండు నెలలలో పది నెలలు అతనికి ఖర్చే గాని రాబడి లేదు.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల మీద ఇట్టి దంపతులు అరుదు కారు. ఒకరు బడిలోనో ఆసుపత్రిలోనో కొలువు చేయుదురు, మరియొకరు పత్తినో మిరపనో నమ్ముకొందురు. పిల్లల చదువుల కొరకు నరసరావుపేటలోనో ఒంగోలులోనో చిన్న యిల్లు కట్టుకొనవలెనన్న కోరిక ఇద్దరిదీ. చిక్కంతయు ఆ రెండవ గడి వద్దనే వచ్చుచున్నది.

బ్యాంకు అధికారి మొదట అడుగునది ఆదాయపు పన్ను దాఖలా. వ్యవసాయాదాయమునకు ఆ పన్ను లేదు. 1886 నాటి చట్టము మొదలు ఈ మినహాయింపు వచ్చుచున్నది. రైతుకు అది మేలే. అయినను పన్ను లేనివానికి దాఖలాయు లేదు, దాఖలా లేనివాని ఆదాయము ఋణదాత కంటికి కనబడదు. కావున పట్టాదారు పాసు పుస్తకము, అడంగలు నకలు, మండల కార్యాలయము ఇచ్చు ఆదాయ ధ్రువపత్రము, బ్యాంకు ఖాతా లెక్క, యార్డులో సరకు అమ్మిన చీటీలు పోగు చేయవలసి వచ్చును. సొంత భూమి గలవాని సంగతి ఇది. కౌలురైతుకు పాసు పుస్తకమే యుండదు, అది భూస్వామి పేర నుండును. 2011లో ఒక చట్టము, 2019లో మరియొక చట్టము సాగుదారునికి గుర్తింపు కార్డు కల్పించినవి. అవి పంట ఋణమునకు ఉద్దేశించినవి. ఇంటి ఋణమునకు వాని బలము చాలదు.

పత్రములన్నియు చేకూరినవనుకొందము. అప్పుడైనను అంకె యేది? 2017 వేసవిలో మిరప ధర పతనమైనపుడు కేంద్రప్రభుత్వము జోక్యము చేసికొని క్వింటాలుకు 5,000 రూపాయలు ఖరారు చేసినది. 2023లో గుంటూరు యార్డులో మేలు రకములు 20,000 దాటినవి. 2025 ఫిబ్రవరిలో మరల ధర జారగా కేంద్రము 11,781 రూపాయలను ఆధారముగా నిర్ణయించినది. ఎనిమిది సంవత్సరములలో ఒకే సరకునకు మూడు జాతకములు! ధరకు తోడు దిగుబడియు నిలుకడ లేనిదే. 2021-22లో నల్ల తామర పురుగు పూతను పట్టి తోటలకు తోటలనే దెబ్బతీసినది.

ఒక లెక్క వేసి చూతము. మూడెకరముల తోట, ఎకరమునకు 20 క్వింటాళ్ళు, మొత్తము 60. కౌలు, కూలి, మందులు, ఎరువులు కలిపి సాలుకు 6 లక్షల ఖర్చని, అది మారదని లెక్క కొరకు ఊహింతము. ధర 20,000 అయినచో 6 లక్షలు మిగులును. 11,781 అయినచో లక్షకు కొంచెము పైన. 5,000 అయినచో 3 లక్షల నష్టము. మూడేండ్ల సగటు తీసినచో నెలకు ఇంచుమించు 11,300 రూపాయలు వచ్చును. లెక్కల మాస్టారు పిల్లలకు సగటు బోధించునపుడు ఈ యుదాహరణము చెప్పవచ్చును. సగటు ఆదాయము కాగితము మీద కలదు, ఏ సంవత్సరమునను ఆ రైతు చేతికి మాత్రము రాలేదు.

ఉపాధ్యాయిని చేతికి వచ్చు జీతము 45,000 అనుకొందము. అందులో సగము వాయిదాలకు పోవచ్చునని బ్యాంకు అంగీకరించినచో, నూటికి 9 వడ్డీ మీద ఇరువది సంవత్సరములకు 25 లక్షల ఋణము వచ్చును. వాయిదా నెలకు 22,500కు లోబడి యుండును. కాని వారు చూచిన యిల్లు 40 లక్షలది. భర్త సగటును గూడ కలిపినచో ఋణము 31 లక్షలు దాటును, వాయిదా 28,000 దాటును. అధికారి దీనినే సూచించును. "అమ్మా, మీవారి రాబడి కూడ చూపండి, మొత్తము పెరుగుతుంది" అనును. ఆ మాటలో అబద్ధము లేదు. అయితే 5,000 ధర పలికిన సంవత్సరమున జీతములో వాయిదా పోగా ఇంటికి మిగులునది 17,000 లోపే. తోట బాకీ వేరుగా వాకిట నిలిచి యుండును.

ఇద్దరు కలిసి సంతకము చేసినచో భారము చెరిసగమని పలువురు తలచుచుందురు. చట్టము అట్లు చెప్పుట లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 43వ సెక్షను ప్రకారము, కలిసి వాగ్దానము చేసినవారిలో ఏ యొక్కరి నుండియైనను ఋణదాత మొత్తమును రాబట్టుకొనవచ్చును. చెల్లించినవారు రెండవవారి నుండి వారి వంతు అడుగుకొనవచ్చును, నిజమే. భార్య భర్త నుండి వంతు రాబట్టుటకు కోర్టుకు పోవుట ఎట్టిదో వేరుగ చెప్ప నక్కరలేదు. నెల నెల జీతము వచ్చువారి ఖాతాయే ముందు తగులును.

ఇంకొక విశేషము కలదు. ఒకే కుటుంబమునకు రెండు గడియారములు. స్వల్పకాలిక పంటలపై ఇచ్చిన ఋణము గడువు దాటి రెండు పంట కాలములు గడచిన పిమ్మటనే రిజర్వు బ్యాంకు నిబంధనల మేరకు మొండి బాకీ యగును. ఇంటి ఋణమునకు 90 రోజులే గడువు. 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద అరువది రోజుల నోటీసుతో తనఖా యింటిని స్వాధీనము చేసికొనవచ్చును. వ్యవసాయ భూమి ఆ చట్టమునకు లోబడదు. అనగా వాన తప్పినదను సంగతి చేనును గూర్చి చట్టమునకు తెలియును, ఇంటిని గూర్చి తెలియదు. రైతు రాబడిని ఇంటి ఋణమునకు లెక్కలో చేర్చునపుడు, రైతుకు గల వెసులుబాటును గూడ చేర్చుట న్యాయము. కొన్ని బ్యాంకులు వ్యవసాయదారులకు పంట చేతికి వచ్చు కాలమునకు సరిపడ అర్ధసంవత్సర వాయిదాలు అంగీకరించుచున్నవి. అడుగనివారికి ఆ సంగతి ఎవరును చెప్పరు.

అప్పు విషయమున చట్టము పంటను తలచుకొన్న దినములును ఉన్నవి. ఈ ప్రాంతము మదరాసు రాష్ట్రములో నున్నపుడు, 1938లో రాజగోపాలాచారి ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము తెచ్చి, 1932 అక్టోబరుకు పూర్వపు అప్పులపై పేరుకొన్న వడ్డీని కొట్టివేసినది. అసలుకు రెట్టింపు చెల్లించినవారికి అప్పు తీరినట్లే. అర్ధశతాబ్దము తరువాత, 1987-88లో తెల్లదోమ పత్తిని ముంచివేసినపుడు ప్రకాశం జిల్లాలో అప్పులపాలైన రైతులు ప్రాణములు తీసికొన్నారు. ఆ యేడు గుర్తున్న పెద్దలు జంట సంతకమనగానే వెనుకాడుటలో వింత లేదు.

మరి యేమి చేయవలెను? వివేకముగల దంపతులు కొందరు ఎంచుకొను మార్గమొకటి కలదు. ఋణమును జీతమునకు సరిపడునంతకే పరిమితము చేసికొనుట, పంట డబ్బును వాయిదాలలో లెక్కింపక, మంచి యేడు వచ్చినపుడు అసలులో జమకట్టుట. మారుచుండు వడ్డీగల గృహఋణమును ముందుగా చెల్లించినందుకు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2012లో బ్యాంకులను ఆదేశించినది. పైని 25 లక్షల ఋణములో ఏటా పంట తరువాత ఒక లక్ష అదనముగా కట్టగలిగినచో, ఇరువది యేండ్ల అప్పు పదకొండేండ్ల లోపే తీరును. ఒక యేడు కట్టలేకపోయినను ఎవరును నోటీసు పంపరు. ఇల్లు మాత్రము చిన్నదగును. గుంటూరు శివారులలో శ్లాబుపైన ఇనుపచువ్వలు ఆకాశము చూచుచు నిలిచిన యిండ్లు ఎన్నియో కలవు. అవి పై అంతస్తు కొరకు ఎదురుచూచు పంటల గుర్తులు.

స్థలము పల్లెలోనిదైనచో మరియొక అడ్డు వచ్చును. గ్రామకంఠములోని యిండ్లకు తరతరముల అనుభవమే గాని దస్తావేజు లేదు. దస్తావేజు లేనిదే తనఖా లేదు. 2020లో కేంద్రము ఆరంభించిన స్వామిత్వ పథకము అట్టి యిండ్లకు ఆస్తి కార్డులు ఇచ్చుట కేర్పడినదే.

అన్నిటికంటె ముందు తేల్చుకొనవలసినది పేర్ల సంగతి. సహఋణగ్రస్తురాలు వేరు, సహయజమానురాలు వేరు. స్థలము భర్త పేరనే రిజిష్టరై, ఋణపత్రము మీద మాత్రము భార్య సంతకము చేసినచో, ఇరువది యేండ్లు ఆమె జీతము పోయినను దస్తావేజు ప్రకారము ఆ యింటిలో ఆమెకు గోడయైనను లేదు. పసుపు కుంకుమల క్రింద పుట్టింటివారిచ్చిన ఎకరము అమ్మి ముందు సొమ్ము కట్టినవారును ఇట్లే మోసపోవుచున్నారు. మోసగించినది భర్త కాడు, ఆనాటి తొందర. విక్రయ దస్తావేజు వ్రాయునపుడే రెండు పేర్లు వ్రాయించినచో అదనపు ఖర్చు లేదు. తరువాత చేర్పవలెనన్నచో దాన దస్తావేజు వ్రాయవలెను, దానికి మరల స్టాంపు రుసుము కట్టవలెను, ఇల్లు అప్పటికే తనఖాలో నున్నచో బ్యాంకు అనుమతియు తీసికొనవలెను.