దాహం అడుగున పారే నీరు

ఇరాన్ ఎడారి నగరం యజ్ద్‌లో పొద్దు గూకే వేళ పడమటికి వీపు తిప్పి, తూర్పుకేసి చూసే పెద్దలు ఇంకా ఉన్నారు. రంజాన్ నెలలో వాళ్ల చూపు అటే. ఇరాన్‌లోని షియాల సంప్రదాయంలో సూర్యబింబం కనుమరుగైతే చాలదు, తూర్పున తేలిన ఎరుపు కూడా తొలగిపోవాలి. అప్పుడే ఉపవాసం విడుస్తారు.

మట్టి మిద్దె మీద నిలబడి చూస్తే ఆ తూర్పు ఎంత వింతైనదో తెలుస్తుంది. ముందు అటువైపు గులాబీ రంగు పట్టీ ఒకటి పరుచుకుంటుంది. దాని అడుగు నుంచి ముదురు నీలి నీడ మెల్లగా పైకి లేస్తుంది. అది భూమి నీడ. మనం నిలబడ్డ ఈ గోళం తన నీడను తన గాలి మీదే పరుస్తుంటే, ఆ నీడకు పై అంచున ఆఖరి ఎండ ఎర్రబారుతుంది. మన ఊళ్లలోనూ రోజూ జరిగేదే ఇది. తేమ, పొగ, చెట్లు, మేడలు అడ్డొచ్చి మన కంట పడదు. ఎడారిలో గాలి పొడి, నేల బోసి. నీడ పైకి లేచి, గులాబీ వెలిసి, రెండూ ఒకే చీకటిగా కలిసేదాకా చూడవచ్చు. అజాన్ ఎలాగూ టీవీలో వినిపిస్తుంది. అయినా నాకు ఆతిథ్యమిచ్చిన ఇంటి పెద్దాయన మిద్దెక్కి, కళ్లారా చూసి, ఆ తర్వాతే కిందికి దిగేవాడు.

2016 జూన్‌లో, హైదరాబాద్‌లో భూగోళశాస్త్రం చదువుతూ నేను అక్కడికి వెళ్లాను. చాంద్రమాన సంవత్సరం మన క్యాలెండర్ కన్నా దాదాపు 11 రోజులు పొట్టి కనుక రంజాన్ ఏటేటా వెనక్కి జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో రుతువులన్నీ చుట్టి వస్తుంది. ఆ ఏడు అది సరిగ్గా ఉత్తరార్ధగోళపు అతి దీర్ఘమైన పగళ్ల మీద వచ్చి కూర్చుంది. తెల్లవారుజాము నుంచి మునిమాపు దాకా దాదాపు 16 గంటలు గుక్కెడు నీళ్లుండవు. నన్నెవరూ ఉపవాసం ఉండమనలేదు. ఆ ఇంట్లో అందరూ ఉంటే నాకు మాత్రం గొంతు దిగుతుందా?

రంజాన్‌లో ఎడారి ఊళ్లకు వెళ్లవద్దని, పగలు హోటళ్లు మూసి ఉంటాయని చాలామంది సలహా ఇస్తారు. నేను మాత్రం ఆ నెలలోనే వెళ్లమంటాను. దాహం వేసినప్పుడే ఆ నగరం అర్థమవుతుంది.

యజ్ద్ రెండు మహా ఎడారుల నడుమ ఉంది. ఉత్తరాన దష్తె కవీర్ ఉప్పు మైదానాలు, తూర్పు దిక్కున దష్తె లూత్. లూత్ నేల ఉపరితలం 2005లో 70.7 డిగ్రీల సెల్సియస్‌కు కాగిందని నాసా ఉపగ్రహం కొలిచింది. యజ్ద్‌లో ఏడాదంతా కలిపి కురిసే వాన 50, 60 మిల్లీమీటర్లు. కరవుకు మారుపేరైన మన అనంతపురంలో 550 దాకా కురుస్తుంది. అంటే అనంతపురానికి అందే వానలో పదో వంతుతో ఈ ఊరు వందల ఏళ్లుగా బతుకుతోంది, దానిమ్మలు పండించుకుంటూ, పట్టు నేసుకుంటూ.

మిట్టమధ్యాహ్నం బజారంతా నిద్రపోతుంది. గడ్డి కలిపిన మట్టితో పూసిన ఎత్తయిన గోడల మధ్య, కమానులు కప్పిన ఇరుకు సందుల్లో నీడను వెతుక్కుంటూ నడవాలి. తలెత్తితే ఇళ్లపై గాలి బురుజులు. అక్కడివాళ్లు వాటిని బాద్‌గీర్లంటారు. ఎత్తున వేగంగా వీచే గాలిని బురుజు ఒక ముఖంతో పట్టి కిందికి దింపుతుంది, ఇంట్లోని వేడి గాలిని మరో ముఖం నుంచి బయటికి లాగేస్తుంది. దిగిన గాలి నీటి తొట్టి మీదుగా సాగితే నీరు కొంత ఆవిరై గాలిలోని వేడిని తీసేసుకుంటుంది. మన కూలర్ హైదరాబాద్ ఎండల్లో పనిచేసినంతగా విశాఖ ఉక్కలో ఎందుకు పనిచేయదో, అందుకే ఈ బురుజు ఎడారిలో అంత చక్కగా పనిచేస్తుంది: గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత చురుగ్గా ఆవిరవుతుంది. గాలి వీచని రోజున ఎండకు కాగిన బురుజులోని గాలి పైకి లేచి, నేలమాళిగ చల్లదనాన్ని తన వెంట గదుల్లోకి లాక్కొస్తుంది. దౌలతాబాద్ తోటలోని ఎనిమిది ముఖాల బురుజు దాదాపు 33 మీటర్ల ఎత్తు. దాని అడుగున నిలబడి ముఖం పైకెత్తితే, బయట కాల్చేసిన అదే గాలి చెమటను తుడిచిపోతుంది.

ఓ మధ్యాహ్నం ఒక పాత ఇంట్లో మెట్లు దిగాను. మలుపు తిరిగిన కొద్దీ చీకటి, చలువ, తడి మట్టి వాసన. అట్టడుగున సన్నటి కాలువ చప్పుడు చేస్తూ పారుతోంది. అది ఖనాత్. నైరుతిన 4,000 మీటర్లు దాటిన షీర్‌కూహ్ మీద చలికాలపు మంచు కరిగి, కొండ పాదాల గులకరాళ్లలో ఇంకుతుంది. అక్కడ తల్లి బావి తవ్వి నీటిని అందుకుంటారు. దాని నుంచి అతి స్వల్పమైన వాలుతో సొరంగం తొలుచుకుంటూ ఊరిదాకా వస్తారు. మట్టి తోడడానికి, గాలి ఆడడానికి దారి పొడుగునా నిలువు బావులు. పంపు లేదు, గిలక లేదు, నేల వాలు ఒక్కటే నీటిని మోస్తుంది. సూర్యుడి కంట పడదు కనుక ఆవిరైపోదు. ఈ నగరం కిందుగా సాగే జార్చ్ ఖనాత్ పొడవు 70 కిలోమీటర్లకు పైమాటే. జామె మసీదు ఆవరణలోంచి కూడా దానిలోకి మెట్లున్నాయి. కొన్ని ఖనాత్‌లలో చిన్న చేపలూ బతుకుతాయి. వీటిని తవ్వే ముఖన్నీలు దీపం వెలుగులో, పాకుతూ, ఒక్కోసారి తరాల తరబడి ఒకే సొరంగం తవ్వారు. తెల్లబట్టలు కట్టుకుని లోపలికి దిగేవారట, పైకప్పు కూలితే అవే శవవస్త్రాలు (కఫన్) అవుతాయని.

పెదవులు పగిలిన ఆ మధ్యాహ్నం, చేతికందేంత దూరంలో ఆ నీరు పోతుంటే వేళ్లు మాత్రం ముంచాను. నా పక్కనున్న కుర్రాడు, ఆ ఇంటి మనవడు, ముఖం కడుక్కుని లేచాడు. ఒక్క చుక్క మింగలేదు. చూసేవాళ్లెవరూ లేరక్కడ. కొండ మీది మంచును ఇక్కడిదాకా తెచ్చింది ఇలాంటి ఓర్పేననిపించింది.

చీకటి పడ్డాక ఊరు లేస్తుంది. ముందు గోరువెచ్చని నీళ్లు, ఖర్జూరం, టీ. ఆపైన రొట్టె, జున్ను, పుదీనా ఆకులు, చిక్కటి ఆష్ సూప్, పాకంలో ముంచిన జూల్బియా. మన హైదరాబాద్ ఇరానీ హోటళ్లు తెరిచిన కుటుంబాల్లో ఎన్నింటికో మూలం ఈ యజ్ద్ ప్రాంతమే. ఆ టీ వాసనకు నాకు నాంపల్లి గుర్తొచ్చింది. అర్ధరాత్రి దాటాక కూడా పిల్లలు సందుల్లో ఆడుకుంటూనే ఉన్నారు. ఊరి అవతల ఇసుకలోనూ అదే వేళకు పొడుగు కాళ్ల జెర్బోవా ఎలుక బొరియ విడిచి గెంతుతుంది, పాదాల అడుగునా బొచ్చున్న ఇసుక పిల్లి వేటకు బయలుదేరుతుంది. పగలు దాక్కుని రాత్రి బతకడం చాలా ఎడారి ప్రాణుల పద్ధతి. వేసవి రంజాన్ మనుషులనూ అందులో కలుపుతుంది.

ఇరాన్ ఖనాత్‌లకు ఆ 2016లోనే, యజ్ద్ పాత నగరానికి మరుసటేడు యునెస్కో గుర్తింపు దక్కింది. కానీ లోతు బోర్లు వేసి మోటార్లతో తోడడం మొదలయ్యాక నీటిమట్టం దిగి, వేలాది ఖనాత్‌లు ఎండిపోయాయి. యజ్ద్ ఇప్పుడు తాగునీటికి ఇస్ఫహాన్ వైపు జాయందే నది నుంచి వచ్చే పైపులైను మీద ఆధారపడుతోంది. బోరు పక్కన బోరు వేసి అప్పులపాలైన రాయలసీమ రైతుల మధ్య పెరిగినవాణ్ని, ఆ మాట వింటే గుండె బరువెక్కింది.

ఖనాత్ విద్యతోనే తవ్విన సొరంగ కాలువ మనకు దగ్గర్లోనూ ఉంది. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానులు బీదర్‌లో ఎర్ర లాటరైట్ రాయిని తొలిపించారు. దాన్ని కరేజ్ అంటారు. పూడిపోయిన భాగాలను తవ్వి శుభ్రం చేశారు. హైదరాబాద్ నుంచి 140 కిలోమీటర్లు. భూగోళం చదివే పిల్లలను మే నెలలో తీసుకెళ్లాలి. అక్కడి నౌబాద్ దగ్గర బావుల వరుస పైనుంచే కనబడుతుంది.