మీకు తెలుసా? పాత కమారోకు కొత్త ప్లాస్టిక్ ట్యాంకు

అమెరికా స్పోర్ట్స్ కారు షెవర్లే కమారోకు 1998 మోడల్ వరకు ఉక్కు పెట్రోలు ట్యాంకు ఉండేది. 1999లో ప్లాస్టిక్ ట్యాంకు వచ్చింది. సామర్థ్యం సుమారు 59 లీటర్ల నుంచి 64 లీటర్లకు పెరిగింది. పాత కమారోల ఇంజన్ శక్తి పెంచుకునే ఔత్సాహికుల్లో కొందరు ఈ ట్యాంకునే ఎంచుకుంటారు.

• ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు. ఇలాంటి ట్యాంకుల గోడలో హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పొరల మధ్య ఉండే, ఇవీఓహెచ్ అనే మరో ప్లాస్టిక్‌తో చేసిన పలుచని పొర పెట్రోలు ఆవిరిని బయటికి పోనివ్వదు.

• ఈ ట్యాంకులో పెట్రోలు పంపు ఒక చిన్న తొట్టిలో ఉంటుంది. మలుపుల్లో పెట్రోలు ఒకవైపుకు ఒరిగినా పంపుకు సరఫరా ఆగదు.

• పాత పెట్రోలు మీటరు 0–90 ఓమ్‌ల లెక్కతో, కొత్త ట్యాంకు సెన్సార్ 40–250 ఓమ్‌ల లెక్కతో పనిచేస్తాయి. రెండింటినీ సరిపోల్చకపోతే ముల్లు తప్పు చూపిస్తుంది.

• సైలెన్సర్ వేడి ప్లాస్టిక్‌కు తగలకుండా రేకు అడ్డు తప్పనిసరి.

ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికి నిప్పురవ్వ తగిలినా పేలుడే. ట్యాంకు మార్చే పనిని అనుభవమున్న మెకానిక్‌కే అప్పగించండి.